ఇరవైమూడో పొర

గురువుగారి తప్పు శిష్యుల చేతికి చిక్కితే ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. సువర్చలకి సరిగ్గా ఆ చిక్కే వచ్చిపడింది. పదకొండు రోజులుగా ఆమెకి అన్నం సయించడం లేదు, కంటికి కునుకు రావడం లేదు. అందులో సగం భయం, సగం సంతోషం. నిజం ఒప్పుకోవాలంటే సంతోషం పాలే కాస్త ఎక్కువ.

ఆమె గురువు జిలానీ మాస్టారు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. రిటైరయ్యాక అందరిలా సొంత ఊరు చేరకుండా, కావేరికి ఉత్తరాన ఎర్రలోయల అంచున ఒక రేకుల ఇల్లు అద్దెకు తీసుకుని అక్కడే ఉండిపోయారు. లోయకి ఇవతల ఆ ఇల్లు, అవతల ఒక చిన్న తెలుగుపల్లె. ఏ కాలంలోనో నల్లరేగడి నేలల్లో పత్తి పండించడానికి వలసపోయినవాళ్ళ ఊరు అది.

ఆ లోయల్లో గడ్డి కూడా మొలవదు. వానలు కోసేసిన మట్టిగుట్టలు, వాటి ఒంటినిండా మడతపెట్టిన దుప్పట్లలా ఒకదాని మీద ఒకటి పొరలు. పది కోట్ల ఏళ్ళ కిందట అక్కడ సముద్రం ఉండేది. ఆ సముద్రంలో ఈదిన చుట్టగుల్ల జీవులు చచ్చి, అడుగున కూరుకుపోయి, రాళ్ళయి ఆ పొరల్లోనే ఉన్నాయి. శాస్త్రం వాటిని అమ్మోనైట్లు అంటుంది. గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో కనిపించే చుట్టలు కూడా వీటి బంధువులవే.

వాటి విలువ అందంలో లేదు. ఒక్కో జాతి కొంతకాలమే బతికి వెళ్ళిపోయింది. పాత ఫొటోలో రవిక చేతులు చూసి అది ఏ కాలం నాటిదో అమ్మమ్మలు చెప్పేస్తారు చూడండి, అలాగే లోపల ఏ జాతి అమ్మోనైట్ ఉందో చూసి పొర వయసు చెప్పవచ్చు. కానీ ఒక షరతు ఉంది. అది పొరలో ఉండగా చూడాలి. ఊడి కిందపడిన రాయి సగం సాక్షి మాత్రమే. ఎక్కడిదో తెలియని రాయిని అల్మారాలో పెట్టుకుని మురిసిపోవచ్చు, అంతకుమించి అది దేనికీ పనికిరాదు.

మాస్టారు ముప్పై ఏళ్ళు తిరిగి ఆ పొరలన్నిటికీ కిందినుంచి పైకి అంకెలు వేశారు. పదిహేడో పొరతో ఒక పాత కాలం ముగిసిందనీ, పద్దెనిమిదితో కొత్త కాలం మొదలైందనీ తేల్చి, పటం మీద రెంటికీ మధ్య ఒక గీత గీశారు. ఆ లోయల గురించి ఎవరు ఏం రాసినా ఆ గీతకి దణ్ణం పెట్టుకునే మొదలుపెడతారు.

సువర్చలకి దొరికిన అమ్మోనైట్, పదిహేడో పొరతో ఆఖరైపోయిన జాతిది. అది దొరికిందేమో ఇరవైమూడో పొర దగ్గర. అంటే గీత తప్పన్నమాట.

ఆమె వ్యాసం రాసేసింది. పంపడానికి ఇంకా మూడు రోజుల గడువుంది. అది అచ్చయితే లెక్చరర్ ఉద్యోగం వచ్చినట్టేనని కాలేజీ పెద్దలు మాటిచ్చారు. ఆరేళ్ళు హాస్టలు సాంబారుతో పరిశోధన సాగించిన మనిషికి అది చిన్న సంగతి కాదు.

కంట్లో నలుసులా ఒక్కటే బాధపెడుతోంది. నోటుబుక్కులో ఆమె, “ఇరవైమూడో పొరలోంచి ఉలితో తీశాను” అని రాసుకుంది. నిజానికి ఆ రాయి పొరలో లేదు. పొర ముందుకి పొడుచుకొచ్చి అరుగులా ఉన్న చోట, ఎవరో పెట్టినట్టు కూర్చుని ఉంది. పైనుంచి ఊడిపడి ఉంటుందిలే అనుకుంది. పైనున్నవన్నీ ఇంకా కొత్త పొరలు కాబట్టి ఇరవైమూడు అని రాయడం తగ్గించి రాసినట్టే గాని పెంచి రాసినట్టు కాదని తనకి తనే సర్దిచెప్పుకుంది. రాళ్ళు కిందికి దొర్లుతాయి గాని కొండెక్కవు కదా. ఆ తర్కంలో ఎవరూ లోపం పట్టలేరు. అబద్ధానికి తర్కం తోడైతే ఇక దాన్ని కదపడం బ్రహ్మతరం కూడా కాదు.

ఇంకో సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రాయిని గదిలో బల్ల మీద దూదిలో పెట్టుకుంది. రోజూ పొద్దున చూసేసరికి ఆ దూది తడిగా ఉంటోంది. లోయ రాళ్ళలో ఉప్పు ఉంటుంది, ఉప్పు గాలిలో తేమని పీలుస్తుంది, అంతా శాస్త్రమే. కానీ అదే బల్ల మీదున్న మిగతా పద్నాలుగు రాళ్ళ కింద దూది పొడిగానే ఉంటోంది. పైగా తెల్లవారుజామున ఎవరో ఏదో అడిగినట్టూ, తను జవాబు చెప్పనట్టూ అనిపించి మెలకువ వస్తోంది. ఏమడిగారో మాత్రం గుర్తుండదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆమె రాయిని రుమాల్లో చుట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన వాకిట్లో చాప మీద కూర్చుని మునగాకు దూస్తున్నారు.

“మాస్టారూ, మీతో ఒక మాట.”

“చెప్పమ్మా. చేతులు ఖాళీగా ఉంటే ఆ రెమ్మ పట్టుకో.”

ఆమె రెమ్మ పట్టుకోలేదు. రుమాలు విప్పి రాయి ఇచ్చింది. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని అందుకున్నారు. ఒక్కసారి చూశారు.

“పదిహేడు,” అన్నారు.

“ఇరవైమూడు,” అంది సువర్చల.

మాస్టారు రాయిని వెలుతురుకి పెట్టి తిప్పారు. తరవాత మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చుకుని కళ్ళు మూసుకున్నారు. ఆయనకి కోపం వస్తుందని ఆమె అనుకుంది. లేదూ, నవ్వి కొట్టిపారేస్తారనుకుంది. ఆయన ముఖంలో రెండూ లేవు. ఎరిగిన ఇంటి కబురేదో విన్నవాడిలా కాసేపు అలాగే ఉండిపోయారు.

“పొరలో ఉండగా చూశావా?”

“చూశాను మాస్టారూ. ఉలితో నేనే తీశాను.” మాట అంత నున్నగా జారినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

“అయితే నా గీత తప్పు,” అన్నారాయన, మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి లేస్తూ. “పద, చెరిపేద్దాం.”

“ఇప్పుడా?”

“మరెప్పుడు? ట్రంకుపెట్టె మీద పటం ఉంది, పట్టుకురా. రబ్బరు నా జేబులో ఉంది.”

ఆయనకో పట్టింపు ఉంది. పటం మీద గీత గీసినా, మార్చినా ఆ నేల మీద నిలబడే చేస్తారు. బల్ల ముందు కూర్చుని ఎన్నడూ చెయ్యరు. లోకంలో తప్పుడు పటాలన్నీ ఫ్యాను కింద పుట్టినవేనని ఆయన వాదన.

సువర్చల రాయిని సంచిలో వేసుకుంది. ఇద్దరూ లోయలోకి దిగారు. ఎండ పసుపురంగుకి తిరుగుతోంది. అక్కడ దిగిన కాసేపటికే పైలోకపు చప్పుళ్ళు ఆగిపోతాయి. పిట్ట అరవదు, ఆకు కదలదు. మట్టిలో అద్దపుముక్కల్లా మెరిసే రాతిరేకులు కాలి కింద నలిగి కిరకిరమంటాయి. ఆ చప్పుడు గుట్టలకి తగిలి కొంచెం ఆలస్యంగా తిరిగొస్తుంది, వెనకాల మూడోమనిషి ఎవరో నడుస్తున్నట్టు. ఆరేళ్ళుగా తిరిగిన చోటే అయినా సువర్చల ఆ రోజు రెండుసార్లు వెనక్కి చూసింది. మాస్టారు చూడలేదు. కర్ర పొడుచుకుంటూ ముందు నడిచారు.

అరుగు దగ్గరికి చేరాక ఆయన దాని మీద పటం పరిచి, నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు పెట్టారు. జేబులోంచి రబ్బరు తీసి పక్కన కూర్చున్నారు.

“ఏదీ, దాని గూడు చూపించు.”

రాయిని పొరలోంచి ఊడదీస్తే అది ఉన్న చోట గుంట మిగులుతుంది. గుల్ల మీది గాట్లన్నీ ఆ గుంటలో అచ్చుపడి ఉంటాయి. రాయిని మళ్ళీ పెడితే డబ్బాకి మూతలా కూర్చుంటుంది. మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. అబద్ధం రాసేటప్పుడు సువర్చలకి మాత్రం గుర్తు రాలేదు.

ఆమె వెతికింది. లేనిదాన్ని వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పొర పొడుగునా అరచేత్తో తడుముతూ ఇటు నుంచి అటు పోయింది, అటు నుంచి ఇటు వచ్చింది. “ఇక్కడే ఎక్కడో మాస్టారూ” అంది. “వాన పడింది కదా, రాలిపోయి ఉంటుంది” అంది. వాన పడి నెల దాటిందని ఇద్దరికీ తెలుసు. ఆయన ఓపిగ్గా కూర్చున్నారు. తిట్టినా బాగుండేదని ఆమెకి ఏడుపొచ్చింది.

అప్పుడు ఆమె కళ్ళు అరుగు చివర మీద పడ్డాయి. అక్కడ ఉప్పు ఉంది.

చిటికెడు చిటికెడుగా వరసగా పోసి ఉంది. మొదటిది కరిగి తెల్లటి మరకయింది. చివరిది ఇంకా పలుకులు పలుకులుగా ఉంది. ఆమె లెక్కపెట్టింది. పదకొండు.

కింద దుమ్ములో ఆమె బూటుజాడ ఒకటి పాతబడి కనిపిస్తోంది. దాని మీదా, దాని చుట్టూ ఎవరివో ఉత్తకాళ్ళ జాడలు. అన్నీ ఒకే మనిషివి. కుడికాలు ఈడ్చిన గీత ప్రతి జాడ పక్కనా ఉంది. రోజూ ఎవరో అరుగు దాకా వచ్చి, నిలబడి, తిరిగిపోతున్నారు. సువర్చల మాస్టారి వైపు చూసింది. ఆయన ఆమెకన్నా ముందే అవి చూసినట్టున్నారు.

“ఉండావా?”

ఆ మాట ఏ వైపు నుంచి వచ్చిందో తెలియలేదు. పొరలోపలి నుంచే వచ్చినట్టుంది. సువర్చల రాతి మీద పెట్టిన చెయ్యి చటుక్కున తీసేసింది.

“ఉండావా, తల్లీ?”

గుట్టలు ఆ మాటని ఒకదానికొకటి అప్పగించుకుంటూ పోయాయి. అది పూర్తిగా ఆగకముందే మలుపులోంచి ఒక ముసలామె కాలు ఈడ్చుకుంటూ పైకొచ్చింది. పేరు ఓబులమ్మ, అవతలి ఊరి మనిషి. రెండు కళ్ళలోనూ తెల్లగా శుక్లాలు. పక్కనే ఉన్న ఇద్దరినీ ఆమె చూడలేదు. తిన్నగా అరుగు దగ్గరికి వచ్చి, కొంగుముడి విప్పి, ఖాళీ చోటుని తడిమింది. పటం కాయితం వేళ్ళకి తగిలి గరగరమంది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఎవురు?”

“నేనే ఓబులమ్మా. జిలానీని.”

“సాయిబు సారా.” ఆమె ఆ గొంతు వైపు తిరిగింది. “నా బిడ్డ లేదు సారూ. పదకొండు దినాలాయె. ఏడాది నిండకముందే యాడికి పోతాది? ఒక మాటన్నా చెప్పకుండా పాయె. నేనేం తక్కువ చేసినా సారూ?”

ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒక చుట్టరాయి ఉంటుంది. కాన్పు సమయంలో దాన్ని తలగడ కింద పెడతారు. చుట్ట విడినట్టే నొప్పులూ విడతాయని నమ్మకం. ఆ కాన్పులో కూతురు దక్కకపోతే ఆ రాయిని ఇంట్లో ఉంచుకోరు, పారెయ్యరు కూడా. తలకి రాసినట్టు ఆముదం రాసి, ఊరు కనిపించే ఎత్తున అరుగు మీద పెడతారు. ఏడాది పాటు తల్లి రోజూ చిటికెడు ఉప్పు తెచ్చి పలకరించి పోతుంది. ఏడాది నిండిన రోజు తన చేత్తోనే రాయిని లోయలోకి తోస్తుంది. అంతవరకూ బిడ్డ ఉన్నట్టు. ఆ తరవాతే పోయినట్టు.

ఉప్పే ఎందుకని అడిగితే ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. సముద్రం వాళ్ళకి అయిదారు ఆమడల దూరం. చూసినవాళ్ళు కూడా తక్కువే. సువర్చలకి ఈ సంగతులేవీ తెలియవు. ఆరేళ్ళలో ఆమె తల వంచుకుని నేల చూస్తూ తిరిగింది గాని, ఆ ఊళ్ళో ఒక్క గడపా తొక్కలేదు. ఇప్పుడు ముసలామె ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ చెబుతుంటే విన్నది.

“ఆ రాయి మొదట ఎక్కడిది ఓబులమ్మా?” అని మాస్టారు అడిగారు.

“మా యత్త తెచ్చింది సారూ. కింద వాగు గట్టున, ఆ బూడిదమట్టిలో నుంచి.”

బూడిదమట్టి అంటే పద్నాలుగో పొర, గీతకి బాగా కింద, ఆ జాతి బతికిన కాలంలోదే. రాళ్ళు కొండెక్కవు, నిజమే. కానీ మనుషులు ఎక్కుతారు, రాళ్ళని ఒళ్ళో పెట్టుకుని మరీ ఎక్కుతారు.

మాస్టారు ఆ సంగతి ఎత్తలేదు. అరచేతిలో రబ్బరు పెట్టుకుని సువర్చల వైపు చాపారు.

“నువ్వు చూశానన్నావు. నీ మాటే నాకు సాక్ష్యం. చెరుపు.”

ఆయన గొంతులో వెక్కిరింపు లేదు. నిజంగానే అంటున్నారని ఆమెకి తెలుసు. అక్కడున్న మరో మనిషికి చూపు లేదు, చదువు లేదు. రాయి తన సంచిలో ఉంది. చెయ్యి చాపి రబ్బరు అందుకుంటే ఉద్యోగం, పేరు, అన్నీ వచ్చేస్తాయి. ఈ జన్మలో తనని ఎవరూ అడగరు.

ఆమె సంచి తెరిచింది. రాయి తీసి ముసలామె అరచేతిలో పెట్టింది.

ఓబులమ్మ వేళ్ళు ముందు ఆగాయి. తరవాత చుట్ట వెంట లోపలికి, నడిమి చుక్క దాకా వెళ్ళాయి. రాయిని వాసన చూసింది, చెంపకి ఆనించుకుంది. ఏడుస్తుందనుకుంటే కసిరింది.

“యాడికి పోయినావే? తలలో చమురంతా ఎండబెట్టుకోనొస్తివి. చెప్పిపోయేదానికి నోరు లేదా నీకు?”

సువర్చలకి దుఃఖం ఆగలేదు. “అవ్వా, తను పోలేదు. నేనే తీసుకుపోయాను. నాదే తప్పు.”

ముసలామె తెల్లని కళ్ళు ఆమె వైపు తిప్పింది. “పదకొండు దినాలు నీకాడ ఉండింది గదా. ఏమన్నా అడిగిందా?”

“అడిగినట్టే ఉండేదవ్వా. ఏమడిగిందో నాకు తెలియలేదు.”

“అట్టయితే ఇప్పుడు ఇను.” ఓబులమ్మ రాయిని ఆమె చెవికి ఆనించింది.

లోపల ఖాళీ ఉన్న గుల్లలోనే సముద్రపు హోరు వినబడుతుంది. ఇది నిండా రాయి. సందు లేదు, గాలి చొరదు. ఇందులో ఏ చప్పుడూ ఉండడానికి వీల్లేదని సువర్చలకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా విన్నది. ఎవరో మాట మొదలుపెట్టబోతూ లోపలికి ఊపిరి పీల్చుకున్నట్టు వినబడింది. ఆ ఊపిరి మళ్ళీ బయటికి రాలేదు.

ఆమె చెవి వెనక్కి లాక్కుంది.

“చెప్పిందా?”

“లేదవ్వా.”

“నీకు చెప్పదులే,” అంది ముసలామె, కాస్త తృప్తిగా. “నువ్వెవురో దానికి తెలవదు గదా.”

మాస్టారు పటం చుట్టి చంకన పెట్టుకున్నారు. ఓబులమ్మ రాయిని దాని చోట కూర్చోబెట్టి ఉప్పు పోసింది. గురుశిష్యులిద్దరూ కిందికి దిగారు. సగం దూరం వచ్చాక సువర్చల అడిగింది.

“మీకు ముందే తెలుసా మాస్టారూ?”

“ఆముదం వాసన వచ్చింది. ఏ సముద్రంలోనూ ఆముదం ఉండదు కదమ్మా.”

“తెలిసి కూడా రబ్బరు ఎందుకు తీసుకొచ్చారు? నన్ను సిగ్గుపరచడానికా?”

ఆయన ఆగి, కర్ర మీద బరువు మోపి నిలబడ్డారు. ముఖం అలిసిపోయి ఉంది.

“నువ్వు ఉలితో తీశానన్నావు. ఆముదాన్ని నమ్మాలా, నిన్నా? నిన్ను నమ్మాలనే ఉంది. ఆ గీత గీసి ముప్పై ఏళ్ళయింది. ఎవరో ఒకరు వచ్చి చెరిపితే బాగుండునని ఎదురుచూస్తున్నా. అది నా శిష్యురాలే అయితే ఇంకా బాగుండునని దారంతా అనుకుంటూ వచ్చాను.”

చెంపదెబ్బ తిన్నా ఆమెకి అంత నొప్పి పుట్టేది కాదు. ఆ పక్కనే ఒక బండ మీద కూలబడి నోటుబుక్కు తీసింది. ఆ పేజీ ఆమె దస్తూరీతో, పొందికగా, ఎక్కడా ఒక కొట్టివేత లేకుండా ఉంది. ఆమె దాన్ని గుప్పిట్లో పట్టుకుని లాగబోయింది.

ఆయన చెయ్యి వచ్చి పేజీ మీద పడింది.

“చింపకు.”

“అబద్ధం మాస్టారూ ఇది. ఎందుకింకా?”

పైన ఓబులమ్మ ఏదో చెబుతోంది. మధ్యమధ్య ఆగుతోంది. అవతలి మనిషి మాట పూర్తయ్యేదాకా ఓపిక పట్టి, మళ్ళీ అందుకుంటోంది. ఒకసారి నవ్వింది కూడా. మాస్టారు ఆ వైపు ఒక్క నిమిషం చెవి ఒగ్గి, తన పెన్సిలు తీసి సువర్చలకి ఇచ్చారు.

“మీద ఒక గీత కొట్టు, చాలు. కింద ఉన్నది చదవడానికి రావాలి.”